గుర్రానికి ఎడమకాలు

దేవుడి గుర్రానికి ఒళ్ళంతా బురద అంటితే ఊరంతటికీ పండగ. రాత్రి స్వెంతోవిత్ దేవుడు దాన్నెక్కి శత్రువుల మీదికి వెళ్ళొచ్చాడని అర్థం. బురద ఎంత మందంగా ఉంటే దేవుడు అంత దూరం వెళ్ళాడన్నమాట. వెస్త్రీన్‌లో పొద్దున్నే గుర్రపుసాల దగ్గరికొచ్చి, కంచె సందుల్లోంచి తొంగిచూసి, "మోకాళ్ళు దాటిందర్రా!" అని మురిసిపోయేవాళ్ళు కోకొల్లలు. దాన్ని కడగడానికి మాత్రం ఒక్కడూ రాడు. వాళ్ళంతా వెళ్ళిపోయాక కడిగేది దోబ్రోనా. ఆ మాటకొస్తే బురద అంటించేదీ దోబ్రోనాయే. తెల్లవారకముందే చిత్తడినేల మీద కాసేపు పరుగెత్తించకపోతే గుర్రానికి కాళ్ళు వాస్తాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. ఆ సామెత పుట్టించినవాడు గుర్రాన్ని మేపి ఉండడని ఆమెకు గట్టి నమ్మకం.

నిజానికి ఆ గుర్రాన్ని ముట్టుకోవలసింది పూజారి ఒక్కడే. ఇంకెవరైనా దాని జూలులో వెంట్రుక పీకినా మహాపాపం. పూజారి దోమజీర్ దోబ్రోనా మొగుడే. అతనికి గుర్రాలంటే భయం. చిన్నప్పుడెప్పుడో ఒకటి భుజం కొరికిందట. దానికి తోడు ఎండుగడ్డి వాసన తగిలితే చాలు, తుమ్ములు. పూజారిత్వం వచ్చిన మొదటి వారంలోనే, "రెండ్రోజులు నువ్వు చూడవే, నాకు ఒంట్లో నలతగా ఉంది" అన్నాడు. ఆ రెండ్రోజులూ పన్నెండేళ్ళయ్యాయి.

గుడి ఊడవడం మాత్రం అతనే చేస్తాడు, అదీ చూడముచ్చటగా ఉంటుంది. నాలుగు తలల దేవుడి ముందు మనిషి ఊపిరి వదలకూడదు. అందుకని బుగ్గలు పూరించుకుని లోపలికి పరుగెత్తి, నాలుగు వేట్లు ఊడ్చి, ఎర్రబడిన మొహంతో బయటికొచ్చి బుస్సుమంటాడు. మళ్ళీ గాలి పీల్చుకుని లోపలికి పరుగు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఏదో ఒకరోజు దేవుడి కాళ్ళ దగ్గరే ఢామ్మని పడి పోతాడని ఆమె భయం.

ఆ రోజు ఆమె గుడి మెట్ల దగ్గర ఎదురుచూస్తోంది. దొర తెషిమీర్ పొద్దున్నే పెద్దలందరినీ పిలిపించాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియాలి.

దోమజీర్ బయటికొచ్చి బుస్సుమన్నాడు.

"ఏవయ్యా, ఏమన్నాడు దొర?"

"తొమ్మిదో రోజున ఈటెలు పాతుతారు," అని గాలి పీల్చుకుని లోపలికి పరుగెత్తాడు. లోపల చీపురు చప్పుడు. మళ్ళీ వచ్చాడు.

"ఎవరి మీదికట?"

"సముద్రం అవతలి డేన్ల మీదికి. ఆ అఖాతానికే." మళ్ళీ లోపలికి.

దోబ్రోనాకు ఒళ్ళు మండింది. అడిగిన దానికి నిలబడి జవాబు చెప్పలేని మొగుడితో ఇరవై రెండేళ్ళు ఎలా కాపురం చేసిందో ఆమెకే తెలియదు. అతను మూడోసారి వచ్చాడు.

"ఎంతమందిని పంపుతారు?"

"ఇంటికొక మనిషి. మనింటి నుంచి సులిమీర్ పేరు ఇచ్చేశాను," అని ఆమె మొహం చూడకుండా ఇంకాస్త గాలి పీల్చుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"ఇచ్చేశావా!" అని అరిచింది ఆమె ఖాళీ గుమ్మంలోకి. "నన్నొక్క మాట అడగాలని లేదా నీకు? వినపడుతోందా?"

వినపడినా జవాబు రాదు. దేవుడి ముందు ఊపిరే వదలకూడదు, ఇంక మాటెక్కడ. ఆ నియమం పెట్టినవాడు తప్పకుండా పెళ్ళైనవాడే అయ్యుంటాడు.

సులిమీర్ ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. ఇరవై ఏళ్ళు. డేన్ల అఖాతం పేరెత్తితే వాడికి కళ్ళు ఎర్రబడతాయి. నాలుగేళ్ళ క్రితం అక్కడే దోబ్రోనా తమ్ముడు నెగోమీర్ చచ్చిపోయాడు. సులిమీర్‌కి ఈత నేర్పింది, తెడ్డు పట్టించింది ఆ మేనమామే. ఆ చావు గురించి దోబ్రోనా ఆలోచించదు. ఆలోచించకుండా ఉండటానికి కూడా ఆమెకు రోజూ కొంత ఓపిక ఖర్చవుతుంది.

ఇంటికి పోతుంటే రేవులో బోతుల్ఫ్ కనిపించాడు. గోట్లాండ్ దీవి నుంచి ఉప్పు, గొడ్డళ్ళు తెచ్చి అమ్ముకునేవాడు. అందరి రేవుల్లోనూ తిరుగుతాడు, అందర్నీ అక్కా అన్నా అంటాడు.

"అక్కా, నీ కొడుకు వెళ్తున్నాడటగా? వద్దను. ఈసారి డేన్లు కాచుక్కూచున్నారు. అఖాతం మూతిలో నీళ్ళ కింద మొనదేలిన గుంజలు పాతారు. నా కళ్ళతో చూశాను. పడవ వెళ్ళిందంటే పొట్ట చీలిపోతుంది."

"ఈ ముక్క దొరతో చెప్పలేదా?"

"చెప్పకేం! శ్రద్ధగా విన్నాడు. 'మంచిది, గుర్రాన్ని అడుగుదాం' అన్నాడు."

దోబ్రోనా నుదురు కొట్టుకుంది. "చూసినవాడు ఎదురుగా నిలబడి చెప్తుంటే, చూడని గుర్రాన్ని అడుగుతారా?"

"నువ్వే అలా అంటే ఎలా అక్కా, పూజారి పెళ్ళానివి," అని నవ్వాడు బోతుల్ఫ్. "మావాళ్ళైతే కర్రపుల్లలు విసిరి అడుగుతారు. గుర్రమే నయం, కనీసం దానికి కళ్ళున్నాయి."

గుర్రాన్ని అడగడం వెస్త్రీన్‌లో ఇలా ఉంటుంది. గుడి ముందు మూడు వరసల్లో, వరసకు రెండు చొప్పున, ఈటెలు అడ్డంగా ఒకదాని మీదొకటి వాల్చి మొనలు నేలలో పాతుతారు. పూజారి ప్రార్థన చేసి, గుర్రాన్ని కళ్ళెం పట్టుకుని వాటి మీదుగా నడిపిస్తాడు. మూడు వరసలూ కుడికాలు ముందు వేసి దాటిందా, దేవుడు వెళ్ళమన్నట్టు. ఒక్క వరసలో ఎడమకాలు ముందు పడినా పడవలు ఒడ్డునే ఉంటాయి.

పన్నెండేళ్ళలో తొమ్మిదిసార్లు అడిగారు. మొదటిసారి తప్ప ఎనిమిదిసార్లూ కుడికాలే పడింది. దోమజీర్ పూజ మీద దేవుడికి అంత ప్రీతి అని ఊళ్ళో చెప్పుకుంటారు. దోమజీర్ కూడా అలాగే అనుకుంటాడు పాపం.

ఆ మొదటిసారి గుర్రం ఎడమకాలు వేసింది. దోపిడీ పోయిందన్న కోపంతో ఊళ్ళోవాళ్ళు దోమజీర్ మీద చేపల పేగులు విసిరారు. పూజారి చెయ్యి మంచిది కాదన్నారు, మార్చాలన్నారు. ఆ రాత్రి అతను చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. దోబ్రోనా ఆ ఏడుపు చూడలేకపోయింది. మర్నాటి నుంచి తొట్టికి వెళ్ళే దారిలో రెండు వాసాలు అడ్డంగా వేసింది. కుడికాలు ముందు వేసి దాటితే తేనెరొట్టె ముక్క, ఎడమకాలు వేస్తే వెనక్కి తిప్పి మళ్ళీ మొదటి నుంచి. మూడు నెలల్లో గుర్రానికి అది కుక్కతోక వంకరలా స్థిరపడిపోయింది. నేల మీద అడ్డంగా ఏది కనిపించినా కుడికాలే లేస్తుంది. ఆమె ఎవరికీ చెప్పలేదు. మొగుడి పరువు కోసం చేసిన పని, ఎవరికేం నష్టం అనుకుంది.

ఇప్పుడు మూడు నెలల్లో నేర్పిన దాన్ని తొమ్మిది రోజుల్లో మరిపించాలి.

మర్నాడు తెల్లవారుతుండగా వాసాలు వేసింది. "ఇదిగో, ఇవాళ్టి నుంచి ఎడమకాలు," అంది. గుర్రం కుడికాలు వేసి దాటి, రొట్టె కోసం మూతి చాచింది.

"కాదు."

వెనక్కి తిప్పింది. గుర్రం మళ్ళీ కుడికాలే వేసింది, ఈసారి ఇంకా ఠీవిగా, నీకు సరిగ్గా కనపడలేదేమో అన్నట్టు. ఆమె కుడి మోకాలి మీద సన్న బెత్తంతో తట్టింది. పన్నెండేళ్ళలో ఎన్నడూ దెబ్బ తినని జంతువు. అది అవమానపడి, చెవులు వెనక్కి పెట్టి, వాసాల ముందు నాలుగు కాళ్ళూ నాటేసి నిలబడిపోయింది. సూర్యుడు పైకొచ్చేదాకా కదల్లేదు.

"దొంగపీనుగా! పదహారేళ్ళొచ్చాయి, ఎడమేదో కుడేదో తెలీదా? నీకు దేవుడి గుర్రమని పేరొకటి!"

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిగుర్రం ముందు ఆ మొండివాడు కూడా దిగదుడుపే. రెండోరోజూ అంతే, మూడోరోజూ అంతే. నాలుగోరోజు ఎడమకాలు ఒకసారి వేసింది. ఆమె ఆనందం పట్టలేక రొట్టె మొత్తం పెట్టేసింది. అది కడుపునిండి ఆ తర్వాత ఏ కాలూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం సులిమీర్ గుమ్మంలో కూర్చుని ఈటె నూరుతున్నాడు. ఆ చప్పుడు ఆమె పళ్ళ మీద నూరుతున్నట్టుంది.

"ఒరేయ్, మానుకోరా. నీళ్ళ కింద గుంజలున్నాయట."

"గుంజలుంటే పక్కనుంచి పోతాం."

"కనపడకుండా పాతిన గుంజలకి పక్కెక్కడరా?"

"అమ్మా, నువ్వు గొణక్కు. దేవుడు ఎడమకాలు వేయిస్తే నోరుమూసుకుని ఇంట్లో కూర్చుంటా. వేయించడులే. ఆ మొదటిసారి తప్ప నాన్న కళ్ళెం పడితే ఎప్పుడైనా ఎడమకాలు పడిందా?"

లోపలి నుంచి దోమజీర్ సంతోషంగా దగ్గాడు. దోబ్రోనా లేచి వెళ్ళిపోయింది. ఇంకొక్క క్షణం అక్కడుంటే ఇద్దర్నీ చెరొక చెవీ పట్టుకుని సముద్రంలో ముంచేది.

ఎనిమిదోరోజుకి గుర్రం అయిదుసార్లలో రెండుసార్లు ఎడమకాలు వేస్తోంది. మిగిలిన మూడుసార్లు వాసాల ముందు ఆగి ఆమెకేసి చూస్తోంది. ఏం కావాలో నువ్వే తేల్చుకోమన్నట్టుంది ఆ చూపు. ఆమెకు జాలేసింది. దాని మెడ మీద తల ఆనించి, "ఒక్కసారి చాలమ్మా. మూడు వరసల్లో ఒక్కటి," అని బతిమాలింది.

తొమ్మిదోరోజు ఊరంతా గుడి ముందు చేరింది. దొర ఎర్రదుప్పటి కప్పుకొచ్చాడు. పడవలెక్కేవాళ్ళు ఒక పక్క వరసగా నిలబడ్డారు, వాళ్ళలో సులిమీర్. ఆడవాళ్ళు కంచె అవతల. దోమజీర్ ప్రార్థన ముగించి, ముక్కు ఎగబీలుస్తూ, చెయ్యి చాచినంత దూరంలో కళ్ళెం పట్టుకుని గుర్రాన్ని నడిపించుకొచ్చాడు.

మొదటి వరస. కుడికాలు. పడవలవాళ్ళు కేరింతలు కొట్టారు.

రెండో వరస. కుడికాలు. సులిమీర్ పక్కవాడి వీపు చరిచాడు. ఊరందర్నీ మోసం చేసి ఈ ఒక్కదాని చేతిలో మోసపోయాననుకుంది దోబ్రోనా.

మూడో వరస ముందు గుర్రం ఆగింది. కుడికాలెత్తింది. ఎత్తిన కాలు గాల్లోనే ఉంచి, తల తిప్పి, కంచెవైపు చూసింది. దోబ్రోనా చేతులు కొంగు కింద దాచుకుంది. గుర్రం కుడికాలు దించి, ఎడమకాలు వేసి దాటింది.

"దేవుడు వద్దన్నాడు," అన్నాడు దొర పొడిగా. ఎవరో చేపల పేగుల మాట ఎత్తబోయారు కానీ, పన్నెండేళ్ళుగా పూజారి, ఎనిమిదిసార్లు కుడికాలు వేయించినవాడు అని గుర్తొచ్చి నోరు మూసుకున్నారు. దోమజీర్ మాత్రం కళ్ళెం వదిలేసి ఈటెలకేసి తెల్లబోయి చూస్తూ ఉండిపోయాడు. దొర అతన్ని తన ఇంటికి తీసుకెళ్ళాడు, దేవుడికి ఏం తక్కువైందో మాట్లాడటానికి.

దోబ్రోనా ఇంటికొచ్చి, తొమ్మిది రోజుల తర్వాత మొదటిసారి కుదురుగా వంట చేసింది. బఠాణీలు ఉడికించి, పొగబెట్టిన చేప వేసింది. సులిమీర్ వచ్చాడు. తినడానికి కూర్చోలేదు. గోడకున్న డాలు తీశాడు.

"ఎక్కడికి?"

"పన్నెండుమందిమి అనుకున్నాం. చిన్న పడవ ఒకటుంది. పొద్దున్నే వెళ్తున్నాం. దొరకి చెప్పలేదు."

ఆమె చేతిలో గరిట అలాగే ఆగింది. "దేవుడు వద్దంటే ఇంట్లో కూర్చుంటానన్నావు కదరా! వారమైనా కాలేదు!"

"అన్నాను. ఆలోచించాను," అన్నాడు వాడు. "దేవుడు వెళ్ళమన్న రోజున వెళ్ళి మావయ్య చచ్చాడు. వద్దన్న రోజున వెళ్తే నేను బతికొస్తానేమో. ఆ దేవుడి మాటలో ఏముందమ్మా, చెప్పు?"

తొమ్మిది రోజులు బురదలో, బెత్తంతో, బతిమాలి, తిట్టి, తేనెరొట్టెలన్నీ గుర్రానికి తగలేసి సాధించింది ఇదా! చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టైంది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వాడి మీద, గుర్రం మీద, అసలు ఇదంతా మొదలుపెట్టిన తన మీద.

"ఆ మాట దేవుడిది కాదురా, నాది!"

వాడు డాలు దించాడు.

"ఇవాళ ఎడమకాలు నేను నేర్పాను. ఇన్నాళ్ళూ పడిన కుడికాలూ నేను నేర్పిందే. మీ నాన్నకి తెలీదు. ఆయన గుర్రాన్ని ముట్టుకుంటే కదా తెలియడానికి! తొట్టి దగ్గర వాసాలు వేసి, రొట్టె పెట్టి నేర్పాను. ఏ దేవుడూ వెళ్ళమనలేదు, ఏ దేవుడూ వద్దనలేదు."

"మావయ్య వెళ్ళిన రోజు కూడానా?"

అక్కడ ఆగిపోవచ్చు. ఆగితే వాడు పొద్దున్నే పడవెక్కుతాడు.

"ఆ రోజు కూడా," అంది. "ఈటెలు పాతడానికి ఇంకా పది రోజులుండగానే మీ మావయ్య నా దగ్గరికొచ్చాడు. వాడికి వెళ్ళాలని లేదు. మీ అత్తకి ఏడో నెల. ఇంటికి పైకప్పు సగమే పడింది. 'అక్కా, ఈసారి గుర్రం ఎడమకాలు వేస్తే బాగుండు, కప్పు వేసేసుకుంటాను' అన్నాడు. నేను నవ్వాను. 'కుడికాలే వేస్తుంది, పోయి తెడ్డు సిద్ధం చేసుకో' అన్నాను. గుర్రానికి ఎడమకాలు నేర్పాలని నాకు తట్టనైనా తట్టలేదు. మళ్ళీ మీ నాన్న మీద పేగులు విసురుతారేమో అన్నదే నా బుర్రలో ఉంది. నా చేతులతో పెంచాను వాణ్ణి. నేనే పంపాను."

బఠాణీలు అడుగంటుతున్నాయి. ఇద్దరిలో ఎవరూ కుండ దించలేదు.

"నాలుగేళ్ళుగా డేన్లని చంపాలని ఈటె నూరుతున్నాను," అన్నాడు సులిమీర్ చివరికి. "నువ్వు ఇక్కడే కూర్చుని చూస్తున్నావు."

"చూస్తున్నాను."

"అత్తయ్యకి తెలుసా?"

"తెలీదు."

"వెళ్ళి చెప్పు."

"ఏవిట్రా?"

"నువ్వెళ్ళి అత్తయ్యకి చెప్పు. నాతో చెప్పినట్టే చెప్పు. చెప్పొస్తే పడవెక్కను. చెప్పకపోతే పొద్దున్నే పోతాను, నువ్వు గుర్రానికి ఏ కాలు నేర్పుకుంటావో నేర్పుకో."

"కన్నతల్లితో బేరమాడతావా? ఊళ్ళో తెలిస్తే మీ నాన్న గతేంటో తెలుసా? నా గతేంటో తెలుసా? దేవుడి గుర్రాన్ని ముట్టుకున్న ఆడదాన్ని ఏం చేస్తారో..."

వాడు డాలు గోడకు తగిలించలేదు, భుజాన వేసుకోలేదు. మోకాళ్ళ మీద పెట్టుకుని, గుమ్మంలో ఆ గుర్రంలాగే మొండిగా కూర్చున్నాడు. ఎంత తిట్టినా ఇంక కదలడని ఆమెకు అర్థమైంది. ఈ మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా ఆమెకు తెలుసు.

కుండ దించింది. తలగుడ్డ కట్టుకుంది. వాణ్ణి దాటుకుని బయటికి నడిచింది.

తమ్ముడి పెళ్ళాం జ్లాతా ఇల్లు నాలుగిళ్ళ అవతల. వాకిట్లో కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తోంది. ఎదురుగా నాలుగేళ్ళ పిల్ల, తండ్రిని చూడని పిల్ల, చేపతోక పట్టుకుని ఆడుకుంటోంది. దోబ్రోనాను చూడగానే జ్లాతా మొహం వెలిగింది. మోచేత్తో బల్ల మీది చేపపొలుసులు తుడిచి చోటు చేసింది.

"రా వదినా, రా. నీకోసమే చూస్తున్నాను. పొద్దుట్నుంచీ దేవుడికి దండాలు పెట్టుకుంటూనే ఉన్నాను, సులిమీర్ ఆగిపోయినందుకు. నీ కడుపు చల్లగా ఉంది. నాకేమీ కుళ్ళు లేదు వదినా, కానీ ఒక్కటే అనిపిస్తుంది. ఆ ఎడమకాలేదో ఆ రోజు వేయించడానికి ఆ దేవుడికి చేతులెందుకు రాలేదో!"

దోబ్రోనా ఆమె పక్కన కూర్చుంది. ఉప్పులో నాని పగిలిన ఆ చేతులను తన చేతుల్లోకి తీసుకుంది.

"జ్లాతా, ఆ చేతులు దేవుడివి కావమ్మా," అంది. "ఇవి, నావి."